రెండు చుక్కల తెలుపు

మా ఆయన మెచ్చుకున్నాడు. అక్కడే నా కొంప మునిగింది.

రెండు వేల పదమూడు, మే నెల, గురువారం సాయంత్రం. శనివారం జరగబోయే సన్మానం ఫంక్షన్ తాలూకు ప్రోగ్రాం కాగితం చర్చి ఆఫీసు నుంచి ఈమెయిల్లో వచ్చింది. అందులో నలుగురు ఆడవాళ్ళు. ఒక్కొక్కరికీ ఎడమ పక్క ఫొటో, కుడి పక్క నేను వేసిన బొమ్మ. ప్రింటింగుకి ఇచ్చేముందు పేర్లలో తప్పులేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. నేను బుద్ధిగా పేర్లు చూసుకుంటున్నాను. తేజేశ్వర్ టీ కప్పు పట్టుకుని నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"అబ్బ, భలే వేశావ్ త్రివేణీ! ఫొటోల్లో ఏంటో మరీ నల్లగా ఉన్నారు. నువ్వు నీట్‌గా, ఫెయిర్‌గా లాగేశావ్. మొహాల్లోకి కళ వచ్చింది."

పదకొండేళ్ళ కాపురంలో నా బొమ్మని ఆ మనిషి అంత మనసారా మెచ్చుకోవడం అదే మొదలు. పొంగిపోవాల్సింది. నేను పేర్లు వదిలేసి మొహాలు చూశాను. ఎడమ పక్క, కుడి పక్క. మళ్ళీ ఎడమ పక్క.

ఎడమ పక్కన మిస్ ఎర్లీన్ ఉంది. కుడి పక్కన ఆవిడ పోలికలున్న ఇంకెవరో గోధుమరంగు మనిషి ఉంది. అవే కళ్ళు, అదే ముక్కు, గడ్డం కింద అదే మచ్చ. ఒళ్ళు మాత్రం ఆవిడది కాదు. నలుగురూ అంతే. నలుగురు నల్లజాతి ఆడవాళ్ళకి గౌరవంగా బొమ్మలు వెయ్యమంటే, నలుగురినీ కడిగి, తుడిచి, తెల్లబరిచి కూర్చోబెట్టాను. నా మొహం మండా!

మూడు నెలలు వేశాను ఆ బొమ్మల్ని. ఒక్క రోజన్నా నా కంటికి కనపడలేదు. ఎలా కనపడుతుంది? ఆ కన్ను నాది కాదు కదా, మా నాన్నది.

మా నాన్న పరంధామయ్యకి నూజివీడులో ఫొటో స్టూడియో ఉండేది. నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దడం, చిన్న ఫొటో తెస్తే నిలువెత్తు బొమ్మ వేసివ్వడం ఆయన పని. పదేళ్ళప్పుడే నా చేతికి రంగుల పళ్ళెం ఇచ్చాడు. "ఎవరొచ్చినా సరే అమ్మా, ఒంటి రంగు కలిపాక రెండు చుక్కలు తెలుపు ఎక్కువెయ్యి. నల్లగా ఎందుకు వెయ్యలేదని ఏ ఒక్కడూ వచ్చి మనల్ని తిట్టడు" అనేవాడు. నిజంగానే ఎవరూ తిట్టలేదు. పెళ్ళికూతుళ్ళు మురిసిపోయారు, మునసబులు మురిసిపోయారు. నేను మా ఇంట్లో అందరికన్నా నలుపు. ఆ రెండు చుక్కలూ ఎక్కువ ఖర్చయింది నాన్న నన్ను వేసిన బొమ్మలకే. అలా అలవాటైన చెయ్యి ఇప్పుడు నన్ను అడక్కుండానే తెలుపు ట్యూబు మీదకి పోతుంది.

"ఏమైంది? అలా అయిపోయావేంటి?" అన్నాడు తేజేశ్వర్.

చెప్పాను. ఆయన నవ్వాడు. "పిచ్చా నీకు? తెల్లగా వేస్తే ఎవరైనా ఫీలవుతారా?"

నా ఒళ్ళు మండిపోయింది. "మీరు నోరు మూసుకుని ఆ టీ తాగండి" అన్నాను. తప్పు ఆయనది కాదు. ఆయనా నాలాంటివాడే, అంతకన్నా ఏం లేదు.

మిస్ ఎర్లీన్ ఎవరో చెప్పాలి. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. జెర్సీ సిటీలో మా టవర్లున్న నదీ తీరం ఒక లోకమైతే, లైట్ రైల్లో ఇరవై నిమిషాలు దక్షిణంగా పోతే వచ్చే గ్రీన్‌విల్ ఇంకో లోకం. ఆవిడది గ్రీన్‌విల్. స్కూలు దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే క్రాసింగ్ గార్డు, ఇరవై రెండేళ్ళుగా. వాళ్ళ బిల్డింగులో చలికాలం హీటర్లు ఆపేస్తే, నలభై కుటుంబాలని వెంటబెట్టుకుని కోర్టు మెట్లెక్కి, మళ్ళీ వేయించింది. ఆ చుట్టుపక్కల పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవాలంటే ముందు మిస్ అని తగిలించి తీరాలి, మనం గారు అన్నట్టు.

రెండేళ్ళ క్రితం లైట్ రైల్లో కూర్చుని, ఎదుటి సీటులో నిద్రపోతున్న ముసలాయన బొమ్మ దొంగచాటుగా గీస్తున్నాను. నారింజ రంగు వెస్టు వేసుకున్న పెద్దావిడ లేచి వచ్చి నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటికే మావాళ్ళందరూ నాకు నూరిపోసి ఉంచారు, ఫలానా వీధి దాటి పోవద్దు, వాళ్ళ కళ్ళలోకి చూడొద్దు, బ్యాగు గట్టిగా పట్టుకో అని. ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూసి, "ఈయన నిజంగా అలసిపోయాడు, నువ్వు పట్టుకున్నావ్" అంది. నా పక్కన కూర్చుంది. నా పేరడిగింది. మూడుసార్లు పలికి, సరిగ్గా పలికేదాకా వదల్లేదు.

అప్పట్నుంచి ఈ దేశంలో నేను రెండ్రోజులు కనపడకపోతే ఫోన్ చేసే మనిషి ఆవిడొక్కతే. నాకున్నది మా ఆయన ఉద్యోగం మీద వచ్చిన హెచ్‌ఫోర్ వీసా. ఉద్యోగం చెయ్యకూడదు. పొద్దున్న తేజేశ్వర్ మన్‌హాటన్ రైలెక్కితే, సాయంత్రం దాకా ఆ పద్దెనిమిదో అంతస్తులో నేనూ గోడలూ. పోయిన చలికాలం ఆయన ఆఫీసు పనిమీద డాలస్‌లో ఉన్నప్పుడు నాకు జ్వరమొస్తే, ఆవిడ మంచులో రెండు రైళ్ళు మారి సూప్ తెచ్చింది. ఇప్పుడు ఈ బొమ్మలు చూశాక ఆ మొహం నా వైపు ఎలా తిరుగుతుంది? అసలు తిరుగుతుందా? నా భయమంతా అదే. ఆవిడ నన్ను ఇక పలకరించదేమోనని.

బొమ్మలు అప్పటికే చర్చి కింద హాల్లో పెట్టి, గుడ్డ కప్పి, తాళం వేశారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి గుడ్డ తీస్తారు. ఎదురుగా ఎనభై మంది కూర్చుంటారు.

భయం పట్టలేక ప్రణీతకి ఫోన్ చేశాను. మా టవర్లోనే ఉంటుంది, కరీంనగర్ అమ్మాయి.

"పిచ్చిదానివా త్రివేణీ? గమ్మునుండు. ఎవ్వలు చూడరు. చూసినా సంబురపడ్తరు" అంది. "మొన్న మా ఆడపడుచు పెండ్లి ఆల్బం చూసినవ్ గదా? ఇటోళ్ళు అటోళ్ళు అందరూ పాలపొడి పూసుకున్నట్టే ఉన్నరు. ఎవలన్న కంప్లైంట్ చేసిన్రా?"

"వీళ్ళు వేరు ప్రణీతా."

"అందుకే చెప్తున్న. నువ్వు పోయి నోరు తెరిచినవనుకో, ఆ హాల్ల అంతా వాళ్ళే, నువ్వొక్కదానివి. ఎవలన్న కోపానికొచ్చి చెయ్యి చేసుకున్నరంటే? పోలీస్ రిపోర్ట్, అదీ ఇదీ. మీ గ్రీన్‌కార్డ్ పెండింగ్‌ల ఉన్నది, యాద్ పెట్టుకో."

ఫోన్ పెట్టేశాను. కొడితే బాగుండు అనిపించింది. కొడితే లెక్క తీరిపోతుంది.

చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఆలోచించాను, అబద్ధమెందుకు. వయసైన కళ్ళు, హాల్లో పసుపు లైట్లు, చప్పట్ల హడావిడి. ఎవరూ కనిపెట్టకపోవచ్చు. కానీ ఆ బొమ్మలు అక్కడితో ఆగవు. గోడకెక్కుతాయి. ఇంకో ముప్ఫై ఏళ్ళు వేలాడతాయి. వాళ్ళ మనవరాళ్ళు వచ్చి తలెత్తి చూసి, మా నానమ్మ ఇలా ఉండేదన్నమాట అనుకుంటారు. అందులోనూ మిస్ వెర్నెల్ సంగతి మరీ భయంకరం.

మిగతా ముగ్గురూ బతికే ఉన్నారు. మిస్ ఎర్లీన్, ప్రతి ఆదివారం చర్చిలో అందరికీ బీపీ చూసే రిటైర్డ్ నర్సు మిస్ జూన్, బడి సెలవుల్లో పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టే మిస్ లవర్న్. నాలుగో ఆవిడ మిస్ వెర్నెల్ మూడేళ్ళ క్రితమే పోయింది. ఆ పేటలో లైబ్రరీ మూసేస్తామంటే, ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని పదకొండు రోజులు ఆ మెట్ల మీదే కూర్చుందట. మూయనివ్వలేదు. ఆవిడ కూతురు రోండా శనివారం పొద్దున్న వర్జీనియా నుంచి డ్రైవ్ చేసుకుని వస్తోంది. ఇంట్లో ఎప్పుడో నీళ్ళు చేరి అమ్మ ఫొటోలన్నీ పాడైపోయాయట. మిగిలింది పేపర్లో పడ్డ ఒక్క నలుపు తెలుపు ఫొటో. అదే నాకు పంపింది. రంగుల్లో అమ్మని చూసుకోవడానికి ఆ పిల్లకి నేను వేసిందే దిక్కు. నేను ఆ మనిషిని చూడనైనా చూడలేదు. రంగు నేనే ఊహించాను. ఎటువైపు ఊహించి ఉంటానో వేరే చెప్పాలా!

శుక్రవారం పొద్దున్న ఏడింటికి లైట్ రైలెక్కాను. ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామా అనుకున్నాను. తలుపులు తెరుచుకుంటే లేస్తాను, మూసుకుంటే కూర్చుంటాను. పక్కనాయన నన్ను అదోలా చూశాడు. మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్ దగ్గర దిగి నడిచాను. రెండేళ్ళ క్రితం ఇదే పేవ్‌మెంటు మీద బ్యాగు చంకలో ఇరికించుకుని, వీళ్ళు నన్నేం చేస్తారో అని వణికాను. ఇప్పుడు నేను వీళ్ళకేం చేశానో అని వణుకుతున్నాను.

ఆవిడ తన మూల మీదే ఉంది, వెస్టూ విజిలూ వేసుకుని. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"త్రివేణీ! రేపటిదాకా ఆగలేకపోయావా?"

"మిస్ ఎర్లీన్, మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు." ఇంతలో ఆరుగురు పిల్లలు వచ్చారు. చెయ్యెత్తి కార్లు ఆపింది, దాటించింది, వెనక్కొచ్చింది. "చెప్పు హనీ."

నేను నోరు తెరిచేసరికి ఇంకో గుంపు. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. అలా నలభై నిమిషాలు. ఆవిడ పోయిన ప్రతిసారీ నేను మాటలు కూర్చుకుంటాను, వచ్చేసరికి చెదిరిపోతాయి. బడి గంట కొట్టాక, "నీ మొహం బాలేదు. ఎవరైనా పోయారా?" అంది.

"బొమ్మలు తప్పు వేశాను" అన్నాను. "రంగు తప్పు. మీ ఒంటి రంగు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. విజిలు జేబులో పెట్టుకుని చర్చి వైపు నడిచింది. నేను నాలుగడుగుల వెనక నడిచాను.

కింద హాలు తాళం తీసి లైట్లన్నీ వేసింది. తన బొమ్మ మీద గుడ్డ లాగి కింద పడేసి, పక్కన నిలబడి, తన కుడిచెయ్యి కాన్వాసు మీద ఆనించింది, చెంప పక్కన. ఆ చెయ్యీ ఆ చెంపా పక్కపక్కన చూడలేక నేను నేలకేసి చూశాను.

"తల ఎత్తు" అంది.

ఎత్తాను.

"మంగళవారం తెచ్చినప్పుడు చూశాను. ఏదో తేడాగా ఉంది, ఈ ట్యూబ్‌లైట్ల వల్ల అనుకున్నాను. నీ మీద అలాంటి అనుమానం రానివ్వలేదు నేను." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నాకు చిన్నప్పుడు స్కూల్లో ఏటా ఫొటో తీసేవాళ్ళు. నన్ను వెనక వరసలో నిలబెట్టేవాళ్ళు. నేను పొట్టిదాన్ని త్రివేణీ. పొట్టివాళ్ళని ముందు నిలబెట్టాలి. ఆరేళ్ళ ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా నా మొహం కనపడదు. ఇప్పుడు మొహం కనపడింది, నేను కనపడలేదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా నాన్న సంగతి, రెండు చుక్కల సంగతి, అంతా కక్కేశాను. ఆవిడ విన్నది. ఓదార్చలేదు.

"కావాలని చెయ్యలేదు మిస్ ఎర్లీన్. నా చెయ్యి..."

"కావాలని చేస్తే బాధే లేదు. తిట్టి పంపించేదాన్ని."

"ఇప్పుడే ఇంటికి తీసుకెళ్తాను. రేపటికల్లా దిద్ది తెస్తాను. వార్నిష్ ఇంకా వెయ్యలేదు, దిద్దొచ్చు. ఎవరికీ తెలీదు" అని బతిమాలాను.

"నీ ఇంట్లో, నీ లైటు కింద, నీ చెయ్యి మళ్ళీ అదే చేస్తుంది. ఇక్కడ దిద్దు. రేపు. మేమందరం ఎదురుగా ఉంటాం. మొహాలు తర్వాత ఎన్ని వారాలకైనా పూర్తి చేసుకో. రేపు రంగు కుదరాలి, నలుగురి నుదుటి మీదా పడాలి."

"అందరి ముందా?"

"అందరి ముందే. మా ముగ్గురి సంగతి నేను చూసుకుంటాను. రోండాకి మాత్రం నువ్వే చెప్పాలి. ఆ పిల్ల తల్లి లేని పిల్ల. నీ తరఫున నేను మాట్లాడను." గుడ్డ తీసి మళ్ళీ కప్పింది. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా నన్ను దగ్గరికి తీసుకోలేదు.

ఆ రోజు మిగతా భాగం ఎలా గడిచిందో నాకు గుర్తులేదు.

శనివారం తేజేశ్వర్ రానన్నాడు, వద్దన్నాడు, చివరికి కారు తీశాడు. హాల్లో ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో, కారు తాళాలు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. "ఏదైనా గొడవైతే సైగ చెయ్యి, కార్ రెడీగా ఉంచుతా" అన్నాడు. ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ స్థితిలో కూడా నాకు ఆయన మీద జాలేసింది.

హాలంతా వేయించిన చేపల వాసన, సెంటు వాసన. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, సూట్లు వేసుకున్న మగవాళ్ళు. నలుపులో ఎన్ని రంగులుంటాయో ఆ రోజు లెక్కపెట్టుకున్నాను. ఎన్నింటిని ఒక్క గిన్నెలో పోసి కలిపేశానో! రోండాని చూడగానే గుర్తుపట్టాను, నేను గీసిన కనుబొమలే. నలభై ఏళ్ళుంటాయి. ఫొటోలో తల్లికన్నా బాగా నలుపు తక్కువ, తండ్రి పోలికట. ముందు వరసలో చేతిరుమాలు పట్టుకుని కూర్చుంది. ఏడవడానికి సిద్ధపడి వచ్చింది పాపం.

ప్రార్థన అయింది. మిస్ ఎర్లీన్ లేచి, "గుడ్డ తీసేముందు ఆర్టిస్టు మాట్లాడుతుంది" అని కూర్చుంది.

నేను నిలబడ్డాను. ఇంగ్లీషు మొత్తం ఎటో పారిపోయింది. ఎలా చెప్పానో ఏం చెప్పానో, మూడు ముక్కల్లో చెప్పేశాను. "మా ఊళ్ళో అందర్నీ తెల్లగా వెయ్యమని నేర్పారు. నేను మిమ్మల్ని అలాగే వేశాను. అది తప్పని గురువారం దాకా నాకు తెలీలేదు." నా చేత్తోనే నాలుగు గుడ్డలూ లాగేశాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక కుర్చీ కిర్రుమంది. వెనకెక్కడో ఒకావిడ "లార్డ్" అంది. మిస్ జూన్ తన బొమ్మ చూసి కళ్ళజోడు తీసేసింది. మిస్ లవర్న్ చూడనేలేదు, తల తిప్పుకుంది. రోండా లేచింది.

ఆవిడ తల్లి బొమ్మ ముందు నిలబడి ఎంతసేపు చూసిందో నాకు తెలీదు. తేజేశ్వర్ తాళాలు చప్పుడవడం అంత దూరం నుంచి నాకు వినపడింది.

"మా అమ్మని చిన్నప్పుడు తారు అని పిలిచేవాళ్ళు" అంది రోండా, నా వైపు తిరగకుండానే. "నల్లగా ఉంది కాబట్టి. పెద్దయ్యాక కూడా. సొంతవాళ్ళే. రాత్రింబవళ్ళు ఆ లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నప్పుడు రోడ్డున పోయేవాళ్ళు అదే మాట విసిరారు. మా అమ్మ ఒక్కసారి కూడా పౌడరు రాసుకోలేదు. ఒక్కసారి కూడా." ఇప్పుడు తిరిగింది. "రెండు వందల యాభై మైళ్ళు డ్రైవ్ చేశాను. అమ్మని చూద్దామని. ఎవరీవిడ?"

"క్షమించండి" అన్నాను. ఆ మాట చాలదని అంటున్నప్పుడే తెలుస్తోంది.

"రంగులు తీసుకో" అంది మిస్ ఎర్లీన్, కుర్చీ లాక్కుని తన బొమ్మ పక్కన కూర్చుంటూ. "మాటలు చాలు."

పళ్ళెం తీశాను. మట్టిరంగు, ముదురు నీలం, ముదురు ఎరుపు. తెలుపు ట్యూబు తేనే లేదు, ఇంట్లోనే వదిలేసి వచ్చాను. పసుపు మాత్రం తెచ్చాను, అది లేకపోతే కుదరదు. రంగు కలిపి ఎక్కడ సరిచూడాలో తెలీక తడబడుతుంటే ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి కింద చూపించింది. "ఇక్కడ పెట్టి చూడు."

బ్రష్షుతో ఒక చుక్క పెట్టాను. తేలిపోయింది. ఇంకాస్త నీలం, ఇంకాస్త ఎరుపు. నాలుగోసారి పెట్టిన చుక్క ఆవిడ ఒంటి మీద ఎక్కడుందో కనపడలేదు. ఆ రంగు తీసుకెళ్ళి కాన్వాసు మీద నుదుటికి రాశాను. అప్పటిదాకా ఎవరోలా ఉన్న మనిషి ఒక్క గీతకే ఇటు తిరిగినట్టయింది. ఎవరో "అదీ" అన్నారు. మిస్ జూన్ వచ్చి చెయ్యి చాపింది. మిస్ లవర్న్ చాలాసేపు రాలేదు. వచ్చాక కూడా నా మొహం చూడలేదు, చెయ్యి మాత్రం చాపింది. ఆవిడ రంగు ఆరుసార్లకి గానీ కుదరలేదు.

నాలుగో బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. పెట్టి చూడ్డానికి చెయ్యి లేదు.

"మిస్ వెర్నెల్ ఏ రంగులో ఉండేవారు?" అని అడిగాను. తలా ఒకటి చెప్పారు. కాఫీ గింజల రంగన్నారు, కాదు ఇంకా నలుపన్నారు, ఎండలో ఎర్రగా మెరిసేదన్నారు. మిస్ ఎర్లీన్ తన చెయ్యి చూపించి "నాకన్నా నలుపు" అంది. మిస్ జూన్ "నీకన్నా కాదు" అంది. రోండా తన చెయ్యి చూసుకుంది. అది పనికిరాదని అందరికీ తెలుసు. ఆవిడ కళ్ళు హాలంతా వెతికాయి, మనిషి తర్వాత మనిషిని. పోయిన మనిషి రంగు తనకే గుర్తుకు రావడం లేదేమోనన్న భయం ఆ కళ్ళలో కనపడింది. అది చూసి నాకు నా భయం సిగ్గుగా అనిపించింది.

ఆ కళ్ళు నా దగ్గర ఆగాయి.

రోండా గబగబా నా మీదకి వచ్చింది. కొడుతుందనుకున్నాను. వెనక తేజేశ్వర్ కుర్చీలోంచి లేచిన చప్పుడు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, నా కుర్తా చెయ్యి మోచేతి దాకా ఒక్క తోపు తోసింది. లైటు కిందకి లాగింది. నా చేతిని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది" అంది. "ఇదే. సరిగ్గా ఇదే."

ముప్ఫై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నాను. ఈ రంగు ఒక్కసారి కూడా కలపలేదు.

మట్టిరంగు తీసుకున్నాను, నీలం తీసుకున్నాను. ఆవిడ నా మణికట్టు వదల్లేదు. ఒక చుక్క నా చేతి మీద పెట్టాను. అందరికీ కనపడేటంత తేలిపోయింది. తెలుపు లేకపోయినా నా చెయ్యి పసుపుతో ఆ పని చేసేసింది.

"ఇంకా" అంది రోండా.

నీలం కలిపాను. ఇంకో చుక్క.

"ఇంకా."

నా చెమట రంగులో పడుతోంది. ఇంతకన్నానా? ఇంతకన్నా నలుపా నేను? ఎనభై మంది చూస్తున్నారు, నా మొగుడు చూస్తున్నాడు. ఎరుపు కలిపాను, ఇంకాస్త మట్టిరంగు కలిపాను. మూడో చుక్క పెట్టాను.

రోండా వంగి చూసింది. ఎక్కడ పెట్టానో ఆవిడకి దొరకలేదు. నాకూ దొరకలేదు. ఆవిడ వేలితో నా చేతి మీద మెల్లగా తడుముతూ పోయింది, మణికట్టు నుంచి పైకి. మధ్యలో ఒక చోట ఆగింది. వేలు ఎత్తి చూస్తే వేలి కొన మీద తడి రంగు అంటుకుని ఉంది.

ఆవిడ ఆ వేలు వంక చాలాసేపు చూసింది. చేతిరుమాలు ఉన్నా తుడుచుకోలేదు.

"అమ్మకి వెయ్యి" అంది.

బ్రష్షు ముంచాను. మిస్ వెర్నెల్ నుదుటి మీద మొదలుపెట్టాను.